నా చేతి బువ్వ

లింబాయత్, సూరత్
జూన్ 9

ప్రియమైన మరదలు ప్రమీలకు,

మీ ఆయన బాగున్నాడు. ముందు ఈ మాట చదివి ఊపిరి తీసుకో. మిగిలింది తర్వాత చదువుదువుగాని.

ఆస్పత్రిలో చూసుకుని నువ్వు తిరిగి సిరిసిల్ల బస్సెక్కిన మర్నాటి నుంచి నరహరి పొద్దున, సాయంత్రం గల్లీ చివరిదాకా నడిచి వస్తున్నాడు. గుండెలో స్టెంటు వేశాక మళ్లీ నొప్పి రాలేదు. మగ్గం మీదికి అప్పుడే పోవద్దని డాక్టరు అన్నాడు కదా, మా ఆయన, అదే మీ రాజమౌళి అన్నయ్య, సేటుతో మాట్లాడి కార్ఖానాలో బట్ట మడతపెట్టే పని ఇప్పించాడు. కూర్చుని చేసేదే.

ఫోను చేయకుండా ఈ రాతలేమిటని నీ కూతురు విజయశ్రీ నవ్వుతుందేమో. నా చెవుల సంగతి నీకు తెలుసు. బాబిన్లు చుట్టే మిషను పక్కన ఇరవై ఏళ్లు కూర్చున్నాను. ఎదురుగా ఉంటే పెదాలు చూసి మాట పట్టుకుంటాను గాని, ఫోనులో నాకు మగ్గాల చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. అందుకే రాసి మనవాళ్ల బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాను.

ఆస్పత్రిలో నువ్వు మందుల కోసం కిందికి పోయినప్పుడు జరిగింది నీకు చెప్పలేదు. ఇతను రోజూ ఏం తింటాడని డాక్టరు అడిగాడు. నేను గొప్పగానే చెప్పాను. మగ్గం పనివాళ్లకు నేను వండిపెట్టే మా ఖానావళిలో తినేవాళ్లందరికీ ఒక కొలత ఉంది సార్, తమ్ముడికి మాత్రం లేదు అన్నాను. రెండు పూటలా పళ్లెం నిండా అన్నం, పైన పలచటి పప్పు, నూనె తేలే ఆలుగడ్డ కూర, అప్పడాలు, పచ్చడి. ఆదివారం మటన్ వండితే కొవ్వు ముక్కలు ఏరి వాడికే. సాయంత్రం చక్కెర దండిగా వేసిన చాయ్, దాంట్లోకి ఖారీ బిస్కెట్లు. పండుగొస్తే వనస్పతిలో చేసిన మిఠాయి. డాక్టరు రాసుకుంటూ, "వండేదెవరు?" అన్నాడు. "నేనే" అన్నాను. ఆయన పెన్ను ఆగింది. నా వైపు చూసి మళ్లీ రాసుకున్నాడు. ఒక మాట తిట్టినా నాకు బాగుండేది.

మా అమ్మ పోయేనాటికి నరహరి చిన్న పిల్లవాడు. ఇంట్లో జొన్నగట్క తప్ప మరొకటి ఉండేది కాదు. తెల్లబువ్వ కావాలని ఏడ్చి ఏడ్చి నా భుజం మీదే నిద్రపోయేవాడు. సూరత్ వచ్చి నా పొయ్యి నేను పెట్టుకున్నాక, వాడి పళ్లెంలో అన్నం కుప్పగా పోస్తున్నప్పుడల్లా ఆ ఏడుపు తీరుస్తున్నాననుకున్నాను. మనిషి మగ్గం పక్కన కూలిపోయేదాకా తీరుస్తూనే ఉన్నాను.

ఇదంతా జరగకముందు, కుట్టు పని దొరికిందని నువ్వు పిల్లను తీసుకుని ఊరికి పోయిన రోజు, "వదినా, ఈయనను నీ చేతిల పెట్టి పోతున్న" అన్నావు. ఆ మాట ఇప్పుడు పొయ్యి దగ్గర నిలబడ్డప్పుడల్లా వినిపిస్తోంది. చెవులు లేకపోయినా.

నీ ముఖం చూడలేని
వదిన,
స్వరాజ్యం


సిరిసిల్ల
జూన్ 21

ప్రియమైన వదినకు,

ప్రమీల నమస్కారాలు. నీ ఉత్తరం మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టాక, కుట్టు మిషను మీద పెట్టుకుని చదివాను. నీ మీద కోపం లేదని రాయాలని కూర్చున్నాను. రాసి కొట్టేశాను. మళ్లీ రాసి మళ్లీ కొట్టేశాను. కోపం ఉంది వదినా.

నేను అక్కడున్నప్పుడు ఆయనకు గట్టి పప్పు, తోటకూర, రెండు రొట్టెలు పెడితే నువ్వేమన్నావో గుర్తుందా? "నా తమ్మునికి ఆకులు పెడ్తున్నవా, మేక అనుకున్నవా?" అని నలుగురిలో నవ్వావు. మర్నాటి నుంచి నీ దగ్గర నుంచి క్యారియర్ రావడం మొదలైంది. ఆయన నా వంట పక్కకు నెట్టి నీ క్యారియర్ విప్పుకునేవాడు. నేను ఏమీ అనలేదు. తల్లిలాంటి ఆడబిడ్డ, మనకెందుకులే అనుకున్నాను. అనాల్సింది. ఉద్యోగం వదులుకునైనా అక్కడే ఉండాల్సింది. నీ మీద కోపం సగం, నా మీద సగం.

దసరాకు ఆయన్ని ఇక్కడికి పంపించు. ఇక్కడే ఏదో ఒక పని చూసుకుంటాడు. నా చేత్తో నేను వండి పెట్టుకుంటాను. అన్నయ్యకు ఈ మాట చెప్పు.

నీ ఆరోగ్యం జాగ్రత్త.

నీ మరదలు
ప్రమీల


లింబాయత్, సూరత్
జూలై 30

ప్రియమైన ప్రమీలా,

నువ్వు రాసిన ప్రతి మాటా నిజమే. ఒక్కటే అడుగుతున్నాను. వాడిని అప్పుడే పంపమనకు. చెడగొట్టిన చేత్తోనే బాగుచేసి పంపిస్తాను. ఆ అవకాశం నాకివ్వు.

ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు నర్సు హిందీలో ఏం చెప్పింది? "తేల్, ఘీ బంద్, హల్కా ఖానా" అంది కదా. నూనె, నెయ్యి బంద్, తేలిక తిండి అన్న ఆ మాటే పట్టుకున్నాను. వాడి వంటకు వేరే గిన్నె పెట్టాను. దాంట్లో నూనె చుక్క వేయను. గుడ్డు లేదు, మాంసం లేదు, చేప లేదు. పల్లీలు కూడా నూనె గింజలే కదా అని మానేశాను. పప్పు వాయువు చేస్తుందని అదీ తగ్గించాను. మెత్తటి అన్నం, చారు. సాయంత్రం సగ్గుబియ్యం జావ, లేదంటే చాయ్‌లో రస్కులు. నీరసమన్నప్పుడు మోసంబి రసం తీసి, ఇంత చక్కెర కలిపి ఇస్తున్నాను. చూస్తే ముఖం పీక్కుపోయింది, కొవ్వు కరుగుతోందనే అనుకుంటున్నాను.

వాడు మాత్రం కస్సుమంటున్నాడు. మొన్న పళ్లెం నెట్టేసి, "ఏందక్కా గిది, బాలెంతకు పెట్టినట్టు. గుండెనొప్పితోని పోనోణ్ణి ఆకలితోని పంపుతవా?" అన్నాడు. నేను ఏడిస్తే మళ్లీ దగ్గరికి లాక్కుని తిన్నాడు. ఒక్కసారి తింటే చాలడం లేదు, గంటకే ఆకలంటాడు. మళ్లీ అన్నం, చారు పెడతాను.

వాడు చూస్తుండగా వాడికిష్టమైనవి వేరేవాళ్లకు వడ్డించడం నాకు చేతకావడం లేదు. అందరూ తిన్నాక మిగిలిన వేపుడు, అడుగంటిన అన్నం పారేయబుద్ధి కాక నేనే తిని పడుకుంటున్నాను. ఈ ఉక్కపోతకో ఏమో దాహం తీరడం లేదు. పెద్ద గిన్నెలో గంజి వార్చి వార్చి ఎడమ భుజం పట్టేసింది. వయసు కదా.

దసరా దాకా గడువియ్యి.

నీ మాట కోసం చూసే
స్వరాజ్యం


సిరిసిల్ల
ఆగస్టు 14

ప్రియమైన వదినకు,

సరే, దసరా దాకా ఆయన నీ దగ్గరే ఉండనీ. నువ్వంత కట్టడి చేస్తావని నేననుకోలేదు. నూనె, మాంసం పూర్తిగా మానిపించావని విని మనసు కొంచెం నిమ్మళించింది. ఎంత అరిచినా నువ్వు కరగకు. ఆయనకు ఏడిపించడం బాగా తెలుసు.

విజయశ్రీ చదువు బాగానే సాగుతోంది. నాన్న నడకకు పోతున్నాడా అని రోజూ అడుగుతుంది.

భుజానికి కాస్త ఆముదం వేడిచేసి రాసుకో, తగ్గిపోతుంది.

నీ
ప్రమీల


లింబాయత్, సూరత్
అక్టోబరు 5

ప్రమీలా,

ఈసారి ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

నిన్న నరహరిని చెకప్‌కు తీసుకుపోయాం. రక్తం రిపోర్టు చూసి డాక్టరు కళ్లద్దాలు తీసేశాడు. ఆస్పత్రిలో బయటపడ్డ షుగర్‌కు మందు వేస్తున్నాం కదా అని నేను పట్టించుకోలేదు, అదీ పెరిగింది. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అని ఒక కొవ్వు ఉంటుందట, అది ఆస్పత్రిలో ఉన్నప్పటి కంటే ఎక్కువైంది. ఒంట్లో కండ తగ్గి, పొట్ట మాత్రం అలాగే ఉంది. "మందులు సరిగ్గా వేస్తున్నారా?" అని అడిగి, పక్క గదిలో తిండి గురించి చెప్పే అమ్మాయి ఉంటే అక్కడికి పంపాడు.

ఆ పిల్ల విజయశ్రీ కంటే నాలుగైదేళ్లు పెద్దది, అంతే. నా చెవుల సంగతి తెలుసుకుని ఎదురుగా కూర్చుని, నిదానంగా హిందీలో మాట్లాడింది. నేను చేసిందంతా చెప్పాను. నూనె చుక్క కూడా వేయలేదమ్మా, గుడ్డు కూడా ముట్టనియ్యలేదు అన్నాను. మెచ్చుకుంటుందని చూశాను ప్రమీలా, నీ దగ్గర దాచడమెందుకు.

"తీసేసినవన్నీ చెప్పారు పెద్దమ్మా. వాటి బదులు ఏం పెట్టారు?" అని అడిగింది.

అన్నం, చారు, సగ్గుబియ్యం, రస్కులు, రసం. చెబుతుంటే నాకే మాట సన్నగిల్లింది. అవన్నీ లోపలికి పోయాక చక్కెరే అవుతాయట. ఒంటికి అక్కర్లేని చక్కెరను కాలేయం కొవ్వుగా మార్చి రక్తంలోకి వదులుతుందట. గుండె జబ్బుకు నూనె తగ్గించడం మంచిదే, వనస్పతి పూర్తిగా మానడం ఇంకా మంచిది, కానీ ఆ ఖాళీని అన్నంతో, చక్కెరతో నింపితే చేసిన మేలు ఏమీ ఉండదంది. ఒక పళ్లెం బొమ్మ గీసి చూపించింది. సగం పళ్లెం కూరగాయలు, ఆకుకూరలు. పావు భాగం పప్పో, శనగలో, గుడ్డో, చేపో. మిగిలిన పావు భాగమే అన్నమో జొన్నరొట్టో. వంటకు కొద్దిగా మంచి నూనె వేయొచ్చు. ఉప్పు వేయని పల్లీలు గుప్పెడు తినొచ్చు. రసం తీయకుండా పండు పండులాగే తినాలి. పచ్చడి, అప్పడం ఎప్పుడో ఒకసారి. మందులు మాత్రం ఒక్కపూట కూడా మానొద్దంది.

అంటే నువ్వు పెట్టిన గట్టి పప్పు, తోటకూర, రెండు రొట్టెలు. నేను నవ్విన పళ్లెం అదే.

మొదటిసారి ప్రేమతో చెడగొట్టాను, తెలియక చేశాను అనుకోవచ్చు. రెండోసారి భయంతో చెడగొట్టాను. ఆ పిల్లనో, ఇంకెవరినో ముందే ఒక్క మాట అడిగితే సరిపోయేది. నీకు మాట ఇచ్చాను కదా అని అడగడానికి కూడా నామోషీ పడ్డాను. వాడు ఆకలి ఆకలి అని మొత్తుకుంటుంటే చెవిటిదాన్ని కదా, వినలేదు.

లేచి వస్తుంటే ఆ పిల్ల, "మీరేం తింటారు?" అని నన్నడిగింది. "మిగిలింది" అన్నాను. "మీరు కూడా ఒకసారి రక్తం చూపించుకోండి" అంది. నాకేమవుతుందిలే అని వచ్చేశాను.

రాత్రికి ఖానావళి వంట అందరికీ మార్చేశాను. ఒక్క నరహరినేనా నేను పోషించేది, ఇంతమంది కొడుకులను, మొగుళ్లను వాళ్ల ఆడవాళ్లు నా పొయ్యిని నమ్మి వదిలిపెట్టారు కదా. అన్నం తగ్గించి, పప్పు చిక్కగా చేసి, బీరకాయ కూర గిన్నెడు వండాను. మన మొండయ్య పళ్లెం చూసి, "ఏందక్కా, పన్నెండు గంటలు మగ్గం మీద నిలబడి వస్తే గీ బీరకాయనా?" అన్నాడు. పక్క గల్లీ ఖానావళికి కొందరు వెళ్లిపోయారు. మీ అన్నయ్య దిగులుగా ఉన్నాడు. పోయినవాళ్లను చూస్తే బాధ, ఇన్నేళ్లు తిన్నవాళ్లను చూస్తే అంతకంటే బాధ.

నరహరిని దసరాకు పంపుతున్నాను. ఇక గడువు అడగను. నా చేతికి ఆ అర్హత లేదు. బస్సులోకి జొన్నరొట్టెలు, పాలకూర పప్పు కట్టిస్తాను. ఈసారి నీ లెక్క ప్రకారమే.

నాకు కొంచెం నలతగా ఉంది. మెట్లెక్కితే దమ్ము వస్తోంది, భుజం నొప్పి దవడ దాకా పాకింది. పన్నేమోనని లవంగం పెట్టుకుంటున్నాను.

క్షమించమని అడగడానికి కూడా సిగ్గుపడే
స్వరాజ్యం


సిరిసిల్ల
నవంబరు 2

నా ప్రియమైన వదినా,

నువ్వు ఆస్పత్రి మంచం మీద దీన్ని చదువుకునేసరికి నీకు కూర్చునే ఓపిక వచ్చి ఉంటుందని ఆశ. రానట్టయితే ఆయన చేత చదివించుకో. ఎదురుగా కూర్చోబెట్టుకుని పెదాలు చూడు.

అన్నయ్య ఫోను చేసినప్పుడు నేను వాకిలి ఊడుస్తున్నాను. ఆయన బస్సు ఎప్పుడొస్తుందో చెప్పడానికి చేశాడనుకున్నాను. "బస్సెక్కలే చెల్లె. మీ వదిన పొయ్యి కాడ్నే పడిపోయింది" అన్నాడు. నువ్వు రొట్టెలు కాలుస్తూ చెమటలు పట్టి, వాంతి చేసుకుని పక్కకు ఒరిగిపోయావట. ఆయన భుజాన బ్యాగుతో సెలవు చెప్పడానికి వచ్చి చూశాడట. అందరూ ఎండదెబ్బ, పైత్యం అంటుంటే ఆయన, "ఇది గుండెదే, నాకు తెలుసు" అని, బ్యాగు అక్కడే పడేసి ఆటోలో ఒళ్లో పడుకోబెట్టుకుని పోయాడట. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరు అన్నాడట. ఇంతకుముందే ఒకసారి చిన్నగా వచ్చిపోయి ఉండవచ్చనీ, షుగర్ చాలా ఏళ్లుగా ఉండి ఉంటుందనీ, షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో కొందరికి ఛాతీలో నొప్పి రాకుండా దవడ నొప్పి, భుజం నొప్పి, ఆయాసం ఇట్లాగే వస్తాయనీ ఆ డాక్టరే చెప్పాడట.

వదినా, నీ ఉత్తరాలు మళ్లీ తీసి చదివాను. దాహమని రాశావు. భుజమని రాశావు. దమ్ము, దవడ అన్నీ రాశావు. నేను ఆయన పేరున్న వరుసలు వెతుక్కుని చదివాను, మిగతావి కళ్లతో దాటేశాను. ఆముదం రాసుకోమన్నాను. మా యూనిట్లో ఎవరికైనా దారం తెగితే నా మిషను ఆపి చూస్తాను. నీ మాటల దగ్గర ఒక్క నిమిషం ఆగలేదు.

ఆయనకు ఏం పెట్టావని నిన్ను నిలదీశాను. నువ్వేం తిన్నావని నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఆ ఆస్పత్రి పిల్ల, ముక్కూముఖం తెలియని పిల్ల అడిగింది, నేను అడగలేదు. నేను అక్కడున్న ఇన్నేళ్లలో నువ్వు కూర్చుని తినగా చూసిన గుర్తు కూడా నాకు లేదు. అది వింతగా ఎప్పుడూ అనిపించలేదు.

ఆయన్ని ఇక్కడికి పంపొద్దు. వస్తానన్నా నేను రానివ్వను. వంట నేర్చుకుంటున్నాడని, అన్నయ్యతో కలిసి ఖానావళి నడుపుతున్నాడని విన్నాను. ఫోనులో పప్పు ఎంత సేపు ఉడకాలని అడుగుతున్నాడు. అప్పుడు ఆయన్ని నీ చేతిలో పెట్టి వచ్చాను. ఇప్పుడు నిన్ను ఆయన చేతిలో పెడుతున్నాను. విజయశ్రీ పరీక్షలయ్యాక మేమిద్దరం వస్తాం. అప్పటిదాకా మందులు మానకు, పొయ్యి దగ్గరికి పోకు.

నీ మీద కోపమని రాశాను చూడు, ఆ కాగితం చింపేయి. ఉంచుకోకు.

నీ చెల్లెలిలాంటి
ప్రమీల


లింబాయత్, సూరత్
డిసెంబరు 18

ప్రియమైన ప్రమీలకు,

మంచం మీద ఆనుకుని రాస్తున్నాను, అక్షరాల వంకర చూసి దిగులుపడకు. నాకూ స్టెంటు వేశారు. నాకు కూడా తమ్ముడిదే వచ్చిందని మీ అన్నయ్య వాడ వాడంతా చెప్పుకొస్తున్నాడు, ఏదో వారసత్వం వచ్చినట్టు. షుగర్‌కు సూది వేస్తున్నారు. నరహరి రిపోర్టు ఈ నెల బాగానే వచ్చింది. పూర్తిగా కాదు గాని ఆ కొవ్వు దిగింది. మగ్గం పని మాత్రం ఇంకా వద్దన్నారు, అందుకని పొయ్యి పని పట్టుకున్నాడు. ఉప్పు తక్కువేస్తాడు, మాడగొడతాడు, అయినా వెళ్లిపోయినవాళ్లలో సగం మంది తిరిగొచ్చారు. నా మీద జాలితో వచ్చారో, వంట నచ్చి వచ్చారో అడగలేదు.

నువ్వు చింపేయమన్న కాగితం చింపలేదు. అందులో ఉన్నది నిజమే, ఉండనీ. నువ్వు మాత్రం నా దవడ నొప్పి లెక్క నీ మీద వేసుకోకు. నా ఒళ్లు నాకే పట్టలేదు, నీకెట్లా పడుతుంది? మంచం మీద పడుకుని ఆలోచించాను. నరహరి పళ్లెంలోకి ఎంత తొంగిచూశానో నాకు తెలుసు. నాకసలు పళ్లెమే లేదు. గిన్నెలోంచి తినేదాన్ని, గరిటెతో తినేదాన్ని, నిలబడి తినేదాన్ని. ఎవరూ అట్లా తినమనలేదు. మీ అన్నయ్య కూడా అనలేదు. అందరి తర్వాత తింటే మంచిదాన్ని అనుకున్నాను, అంతే.

నిన్న సాయంత్రం సంగతి రాసి ముగిస్తాను. దిన్‌పాలి వాళ్లు, అదే పగటి షిఫ్టు పనివాళ్లు, కార్ఖానాల నుంచి ఇంకా రాలేదు. నరహరి నడిమధ్యన చాప వేసి, "కూసో అక్కా" అన్నాడు.

"పనోళ్లు ఇంక రాలేదురా. నేను ముందెట్ల తింట?" అన్నాను.

"వాళ్లొస్తరు. నువ్వైతే తిను."

పళ్లెం తెచ్చి పెట్టాడు. సగం చిక్కుడుకాయ కూర, గట్టి పప్పు, ఒక గుడ్డు, ఒక జొన్నరొట్టె. రొట్టె ఒక పక్క మాడింది. ఎవరి పళ్లెం ముందో పొరపాటున కూర్చున్నట్టుంది నాకు. పొయ్యి మీద మూత కదిలితే చేయి అటే పోయింది. వాడు నా ఎదురుగా కూర్చుని చూస్తున్నాడు. చిన్నప్పుడు గట్క తినమని నేను వాడి ముందు అట్లాగే కూర్చునేదాన్ని.

నేను రెండు ముద్దలు తిన్నానో లేదో మొండయ్య చేతులు కడుక్కుని లోపలికి వచ్చాడు. పాపం, పొద్దున్నుంచి మగ్గం మీద నిలబడ్డ మనిషి. నేను తింటూ ఉన్నాను, అతను నిలబడి ఉన్నాడు. నేలకు చేయి ఆనించి లేవబోయాను.

"కూసో అక్కా. నేనే పెట్టుకుంట" అని మొండయ్య పళ్లెం తీసుకుని పొయ్యి దగ్గరికి పోయాడు. అతని వెనకే మిగతావాళ్లు వచ్చారు. ఒక్కొక్కరే నన్ను దాటుకుని పోయి వడ్డించుకున్నారు.

ప్రమీలా, తప్పు చేస్తున్నట్టే అనిపించింది. అందరి ముందు ఏదో దొంగతనం చేస్తూ దొరికినట్టు తల ఎత్తలేదు. అయినా లేవలేదు. మాడిన రొట్టెతో సహా తిని, పళ్లెం ఖాళీ అయ్యాకే లేచాను.

మీ ఇద్దరి రాక కోసం ఎదురుచూసే
నీ వదిన
స్వరాజ్యం